ఎదురింటి టైలరు గారు అడిగే మాట

తాడేపల్లిగూడెంలో మా ఎదురింటి టైలరు గారు ఎవరు కనబడినా ఒకే మాట అడిగేవారు. "తగ్గుతుంది కదండీ?"

"ఎందుకు తగ్గదండీ" అనేదాన్ని నేను.

తొమ్మిదో తరగతి చదివే వాళ్ళమ్మాయి సైకిలు మీంచి పడింది, తలకు దెబ్బ తగిలింది. ఏలూరులో స్కానింగ్ తీయిస్తే భయం లేదు, నెమ్మదిగా సర్దుకుంటుందన్నారు. నెలలు గడిచినా ఆ పిల్ల వెలుతురు చూడలేకపోయేది. చప్పుడైతే తల పట్టుకుని వాంతి చేసుకునేది. ఆయన కుట్టు మిషను ఉన్నది ఆ ఇంటి ముందు గదిలోనే. అందుకని దాని చక్రం తిప్పే తోలు బెల్టు విప్పి జేబులో పెట్టుకుని, రంజాన్ బట్టలు కూడా చేత్తోనే కుట్టసాగారు. సగం మంది గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు.

ఒక మధ్యాహ్నం నా జాకెట్టు కోసం వెళ్ళాను. చీకటి గదిలోంచి ఆ పిల్ల గోడ పట్టుకుని వచ్చింది.

"అబ్బా," అని తండ్రిని పిలిచింది. "నాకిప్పుడు బానే ఉంది. మిషను తొక్కండి."

"విన్నారా అండీ?" అంటూ ఆయన గబగబా బెల్టు తగిలించి తొక్కారు. ఆ పిల్ల నవ్వుతూ నిలబడింది. నవ్వుతూనే గుమ్మం పట్టుకుని కిందికి జారిపోయింది.

ఆయన చక్రం మీద అరచెయ్యి వేసి ఆపేశారు. బెల్టు విప్పారు. ఈసారి జేబులో పెట్టుకోలేదు, పెద్ద కత్తెర తీసి రెండు ముక్కలు చేసేశారు.

కూతుర్ని పడుకోబెట్టి వచ్చి నావైపు చూశారు. ఎప్పటి జవాబే నాలుక చివర పెట్టుకుని నిలబడ్డాను.

ఆయన అడగలేదు.