పళ్ళతో బిగించిన ముడి

ఆ తీరంలో వలలు బాగుచేసే ఆడవాళ్ళు ముడిని చేత్తో బిగించరు. దారం కొసను కుడి దవడ పళ్ళ మధ్య ఇరికించి, తల పక్కకి విదిలించి లాగుతారు. సలూద్ నలభై ఏళ్ళు అలాగే లాగింది. ఆ వైపు కింది పళ్ళు రెండు పోయాయి.

పట్నంలో దంత వైద్య కళాశాలవాళ్ళు ఒక పన్ను పెడతామన్నారు. దవడ ఎముకలోకి మరమేకు దించి, పైన తాత్కాలికంగా పన్ను తొడిగింది డాక్టర్ గెమ్మా.

“సొంత పన్నుకీ ఎముకకీ మధ్య పరుపులాంటి పొర ఉంటుందమ్మా. దీనికి అది లేదు. పడిన బరువంతా నేరుగా ఎముక మీదే పడుతుంది. పైగా అక్కడ మీ ఎముక సన్నం, మేకు కాస్త ఒరిగించి దించాను. ఒరిగిన గుంజని ఊపితే ఏమవుతుందో మీకు తెలుసుగా?”

“పడవలకి గుంజలు పాతినదాన్ని, తెలియకేం!”

“మూడు నెలలు ఆ వైపు నమలకండి.”

సలూద్ నమల్లేదు. మూడు పూటలా గంజి జావే తాగింది. దారం మాత్రం ఆ పన్నుతోనే లాగింది. ఆమె దృష్టిలో అది నోటి పని కాదు, చేతి పనే.

ఐదో వారం ఒక పొద్దున, ముడి బిగిస్తుండగా లోపల టక్కుమంది. నొప్పి చెవిదాకా పాకింది. వేలు పెట్టి చూసుకుంటే నెత్తురు. ‘మరియమ్మ తల్లీ, ఎముక విరిగిందా?’ అనుకుని నోరు బిగించుకు కూర్చుంది.

“ఏంటక్కా, నువ్వు ఇంతసేపు మాట్లాడకపోతే తుఫానేదో వచ్చేలా ఉందే!” అంది పక్కనున్న బెబింగ్.

“దవడ విరిగిందే.”

“విరిగితే ఇంత చక్కగా ఎలా చెప్పావు?” అని నవ్వబోయి, సలూద్ వేలికి అంటిన నెత్తురు చూసింది బెబింగ్. సగం కుట్టిన వల అక్కడే వదిలేసి ఆమెను బస్సెక్కించింది.

గతుకు వచ్చినప్పుడల్లా సలూద్ రెండు చేతులా దవడ పట్టుకుంది. “నెమ్మది నాయనా, మా అక్క నోట్లో గుడ్లు మోస్తోంది!” అని డ్రైవరు మీద కేకేసింది బెబింగ్. అతను నిజంగానే నెమ్మదించాడు.

డాక్టర్ ఎక్స్‌రే చూసి, “ఏం తిన్నారు?” అంది.

“జావే తల్లీ, ఒట్టు.”

“మరి?”

సలూద్ దారం లాగినట్టు తల విదిలించి చూపించింది. డాక్టర్ ముఖం పాలిపోయింది.

“రోజుకి ఎన్నిసార్లు?”

“ఎన్ని ముడులుంటే అన్నిసార్లు.”

డాక్టర్ ఎక్స్‌రే పక్కన పెట్టింది.

“తప్పు నాదీ ఉందమ్మా. ఏం పని చేస్తారని అడిగాను గాని, ఎలా చేస్తారని అడగలేదు.”

పైపన్ను తీసేసి, చిన్న ఊచతో మేకు మీద తట్టింది. సలూద్ కళ్ళు మూసుకుంది. ఖంగుమని గట్టి చప్పుడు వచ్చింది.

“ఎముక విరగలేదు, టక్కుమన్నది పైపన్ను సడలి. మేకు కదల్లేదు. కానీ ఒరిగిన వైపు ఎముక అంచు కొద్దిగా అరిగింది. నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇంకొక్కసారి కూడా దారం ఆ వైపుకి పోకూడదు.”

“చేతులకి చెప్పుకోగలను డాక్టరమ్మా. తలకి ఎలా చెప్పను? ముడి పడగానే అదే తిరుగుతుంది.”

మర్నాడు వలలు కుట్టే పాకలో కూర్చుని, బెబింగ్ చేతికి తుండుగుడ్డ ఇచ్చి నోటికి అడ్డంగా కట్టమంది.

“ఇంకా గట్టిగా కట్టు.”

“ఊపిరాడుతుందా అక్కా?”

సలూద్ తల ఊపి, వల ఒళ్ళోకి లాక్కుంది. మొదటి ముడి వేసింది. తల దానంతటదే పక్కకి తిరిగింది. దారం గుడ్డకి తగిలి ఆగింది. సలూద్ కొసను చేతికి చుట్టుకుని, వేళ్ళతోనే ఆ ముడి బిగించింది.