జేసీబీకి కట్టిన వడిసెల

మా నాయనమ్మ ఆ వడిసెలను జనపనారతో పేనింది, జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి. రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు మాత్రం అందులో రాయి పెట్టి తిప్పి ఒకడి రెండు పళ్లు రాలగొట్టింది. మా వంశంలో చదువు లేదు, పొలం లేదు. గొప్పగా చెప్పుకోవడానికి ఆ రెండు పళ్లే ఉన్నాయి. నేను చెప్పగా చెప్పగా అవి పన్నెండయ్యాయి.

నేను నానక్‌రామ్‌గూడలో జేసీబీ నడిపేవాణ్ణి. దసరాకు ఆయుధపూజ చేసి, బండి బకెట్‌కు నిమ్మకాయలతో, బంతిపూల దండతో పాటు నాయనమ్మ వడిసెల కూడా దారంతో కట్టాను. పూజలో కట్టినదాన్ని మన చేత్తో విప్పకూడదని మా ఇంటి పట్టింపు. అలాగే పనికి పోయాను.

మూడో రోజు కాంట్రాక్టరు కూలీల గుడిసెలు తీసేయమన్నాడు. అక్కడ టవర్ లేస్తుందట. నేను వెళ్లేసరికే అతని మనుషులు ఇనుపరాడ్లతో ఆడా మగా చూడకుండా బాదుతున్నారు. ఒకడి చెయ్యి విరిగిన చప్పుడు ఇంజను మోతలోనూ వినబడింది. నాకు జాలి కలగలేదు. తొందరగా ముగించుకుని పోవాలనే చిరాకు తప్ప ఏమీ లేదు.

చివరి గుడిసె ముందు ఒక ముసలామె కదలకుండా నిలబడింది. బకెట్‌ను ఆమెకు మూరెడు దూరంలో ఆపాను. ఆమె చూపు వడిసెల మీద పడింది.

"ఎవలది బిడ్డా ఇది?"

"మా నాయనమ్మది. జర పక్కకు జరుగు."

"ఆమె దీంతోని ఎవలను కొట్టిందో ఎరుకేనా నీకు?"

ఎరుకే. ఊరంతా చాటింది నేనే. ముసలామె దారం పుటుక్కున తెంపి, వడిసెల చేతబట్టి, వెనక్కి జరిగి, కంకరరాయి పెట్టి రెండు చుట్లు తిప్పి వదిలింది. బండి అద్దం పగిలి, ఒక ముక్క నా ఎడమ కంట్లో దిగింది.

సిగ్గుతో బండి దిగిపోయానని రాస్తే బాగుండేది. నాకొచ్చింది పచ్చి కోపం. ఒక చేత్తో నెత్తురు కారే కన్ను అదుముకుని, రెండో చేత్తో లివర్ లాగాను. రేకులు, పొయ్యి, సత్తుగిన్నెలు ఒక్క దెబ్బకు నుజ్జయ్యాయి. ఆమె ఎక్కడుందో చూడలేదు.

కన్ను పోయింది. డ్రైవర్ పనీ పోయింది. ప్రమాదం జరిగిందని ఇంట్లో చెప్పాను, అందరూ నమ్మారు.

ఆమె బతికే ఉంది. పక్కకు దూకింది కనుక బతికింది, నేను ఆపినందుకు కాదు.