ప్రసన్న మింగిన ఎర్ర గోలీలు

మా ఆడోళ్ల నాట్ల గుంపుల ప్రసన్న అందరికంటె చిన్నది. ఇంక పెండ్లి కాలే. తండ్రి కాలు ఇరిగి మంచంల ఉన్నడు. గీ పిల్ల నాటేస్తెనే ఇంట్ల పొయ్యి ఎలుగుతది.

గీ యాసంగిల ఆమె మొకం సున్నమేసినట్టు తెల్లగైంది. నాటేసుకుంట నాటేసుకుంట ఒడ్డు పట్టుకొని నిలబడేది. అన్నం ముట్టకపోయేది, చున్నీల ముడేసుకొచ్చిన పచ్చి బియ్యం నమిలేది. ఓ పొద్దు ఒడ్డు మీద కక్కింది. అప్పటి సంది మా గుంపు పెద్ద పార్వతీబాయికి అనుమానం పట్టింది.

ఓనాడు ప్రసన్న సద్దిగిన్నె ఇప్పంగ ఎర్ర గోలీల అట్ట కింద పడ్డది.

"ఏందే ఇవి? కడుపుతోని ఉన్నోళ్లకిచ్చే గోలీలు గదా! నా కోడలు గివే మింగింది," అన్నది పార్వతీబాయి.

"రక్తం తక్కువుందని నర్సమ్మ ఇచ్చింది, పెద్దమ్మా."

"ఆఁ, తక్కువుంటదిలే. ఎవడే వాడు?"

అందరు నవ్విన్రు. పార్వతీబాయి నవ్వలే. "రేపటి సంది నాట్లకు పోయే ఆటో నీ ఇంటి కాడ ఆగది. నీతోని మా గుంపుకు చెడ్డపేరొస్తది."

పొద్దుమీకి పిల్ల నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "అక్కా, ముట్టైతె వారం దాటినా ఆగది. గడ్డలు గడ్డలు పోతది. మా నాయినకు ఎట్ల చెప్పాలె?"

ఏడుపుకేంది, ఎవరైన ఏడుస్తరు. నిజమో కాదో తేలాలని పార్వతీబాయిని గూడ ఎంటేసుకొని బాన్సువాడ దవాఖానకు పోయినం. నర్సమ్మ ప్రసన్న ఏలుకు సూది గుచ్చింది.

"రక్తం ఏడే ఉంది. పన్నెండన్న ఉండాలె. ముట్టుల గింత పోతుంటె ఎట్లుంటది? పచ్చి బియ్యం తినబుద్ధయ్యేది గందుకే."

"మరి కడుపు?" అన్నది పార్వతీబాయి.

"ఉచ్చ పరీక్ష గూడ చేసిన, కడుపేం లేదు. అమ్మాయీ, గోలి దేంతోని మింగుతున్నవ్?"

"పొద్దుగాల చాయ్‌తోని."

"చాయ్‌తోని మింగితె ఒంటికి పట్టది. ఉత్త కడుపుల మింగితె కక్కొస్తది. అన్నం తిన్నంక నీళ్లతోని మింగు. గింత ఎందుకు పోతుందో డాక్టరమ్మకు గూడ చూపియ్యి."

బయటికొచ్చినంక పార్వతీబాయి నా చెవుల అన్నది: "గా నర్సమ్మది గూడ ప్రసన్న అమ్మమ్మోళ్ల ఊరు బీర్కూరేనట. వీళ్లకు చుట్టమేమో."

"నీ కండ్ల ముంగటనే సూది గుచ్చింది గదనే!"

"గుచ్చితె గుచ్చింది."

తెల్లారి ప్రసన్న ఇల్లు రాంగనే ఆటో చాంద్ పాషా ఎనక్కు తిరిగి చూసిండు. "ఆపు," అన్నది పార్వతీబాయి. పిల్ల ఒక కాలు లోపల పెట్టంగనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇగ నెల నెల ముట్టైతె నాకు చెప్పాలె."

"చెప్త పెద్దమ్మా," అన్నది ప్రసన్న. "అట్లైతె పొలం కాడ నేను ముట్టుబట్ట మార్చుకునేటప్పుడు చీర అడ్డం పట్టాల్సింది గూడ నువ్వే."

పార్వతీబాయి మొకం అటు తిప్పుకొని, జరిగి జాగిచ్చింది.