దేబోత్తమ్ మెడ చుట్టూ మసి

ఒకే సిగరెట్టును ఇద్దరు కాల్చే పద్ధతి ఉత్తర కోల్‌కతాలో ఏ శకంలో మొదలైందో పండితులు ఇంకా తేల్చలేదు. దాని రాజ్యాంగం మాత్రం స్పష్టం. కొన్నవాడు సగం దాకా పీలుస్తాడు, మిగతా సగం ముందుగా "కౌంటర్!" అని అరిచినవాడిది. మా కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే దేబోత్తమ్ గుహ ఇరవయ్యారేళ్లకే ఈ సంప్రదాయానికి పీఠాధిపతి. జన్మలో ఒక్క సిగరెట్టు కొన్న పాపాన పోలేదు. కాబట్టి తనకు ఆ అలవాటే లేదని మనస్ఫూర్తిగా నమ్మేవాడు.

చలి మొదలయ్యాక వాళ్లమ్మ అతని మెడ వెనక మసి చూసింది. శనగపిండి పట్టించి బీరపీచుతో తోమింది. చర్మం కందింది గాని మసి కదల్లేదు. నెల తిరిగేసరికి చెవుల కిందికి పాకింది. ముట్టుకుంటే మఖమలులా మెత్తగా ఉంది.

"మీ బాబాకీ ఇలాగే మొదలైందిరా," అందావిడ. దేబు తండ్రికి చక్కెర జబ్బుతో కాలు తీసేశారు.

దేబు ఆ రోజే మిఠాయి మానేశాడు. కొత్త ఖర్జూరపు బెల్లం సందేశ్ వచ్చే రోజుల్లో మా పేటలో అది సన్యాసంతో సమానం. మసి మాత్రం ముందుకే వచ్చింది.

మా దుకాణం నిండా నిలువుటద్దాలు. ఎటు తిరిగినా పదహారు మెడలు, పదహారు నల్లపట్టెలు. వెనక నుంచి ఎవరో చేతులు వేసి పట్టుకున్నట్టే. ఒక మధ్యాహ్నం అతను అద్దాలన్నీ గోడవైపు తిప్పేశాడు. తిప్పేశాక కూడా వాటి ముందు కాలరు పైకి లాక్కుంటూనే ఉన్నాడు.

నేనే డాక్టర్ శర్మిష్ఠా నాగ్ దగ్గరికి లాక్కెళ్లాను.

"చక్కెర ఇంకా హద్దులోనే ఉంది. ఇన్సులిన్ మాత్రం మెడ నల్లబడేంతగా, మూడింతలుంది," అందావిడ.

"ఎక్కువుంటే మంచిదేగా, దీదీ?"

"అది చక్కెరను లోపలికి చేర్చాలని తలుపు తడుతోంది బాబూ. లోపల కండరాలకు వినబడటం లేదు. అందుకే ఇంకా ఇంకా వచ్చి తడుతోంది. ఇప్పుడు, నువ్విలా కూర్చునుండగా కూడా."

దేబు గుమ్మం వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ ఎవరూ లేరు.

"పొగ తాగితే ఆ చెవుడు ముదురుతుంది. తాగుతావా?"

"అబ్బే, లేదు."

"కౌంటర్ల సంగతి చెప్పరా!" అన్నాను.

"అవి నావి కావుగా, సిగరెట్లు కొనేది లాల్టూ!"

"రోజుకెన్ని సగాలు?" అందావిడ.

పది వేళ్లూ రెండు విడతలు ముడిచి, ఇంకో రెండు ముడిచాడు. "ఇరవై రెండు."

"ఇవాళే ఆపెయ్. తలుపు తెరుచుకునే వయసే నీది. ఆపకపోతే మీ బాబా వెళ్లిన దారే."

ఆ సాయంత్రం పాన్ దుకాణం దగ్గర, వేలాడే కొబ్బరితాడు కొస ఎర్రగా రాజుకుంటోంది. దాన్నుంచి ముట్టించిన సిగరెట్టును లాల్టూ సగంలో చాచాడు.

"ఏం దేబూ-దా, అడగవేం? కాశీకి టికెట్టు తీశావా?"

దేబు చెయ్యి లేచింది. దారిలో ఆగి, మెడ తడుముకుంది.

"వద్దు," అన్నాడు.

వర్షాకాలానికి పట్టె పలచబడింది. లాల్టూ ఇప్పుడు సిగరెట్టు మొత్తం తనే తాగుతున్నాడు.