పెద్దమ్మ ఊదిన గ్యాస్ పొయ్యి

నిన్న మా అన్న అన్న మాట నేను ఒప్పుకోను. “పెద్దమ్మకి కట్టెల పొయ్యి కూడంటే ప్రాణంరా. పెద్దకర్మ వంట దాని మీదే చేయిద్దాం” అన్నాడు. పెద్దమ్మ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఇంట్లో అందరూ తలూపారు. నేనొక్కణ్ణే లేచి బయటికొచ్చాను. అక్కడ చెప్పాల్సింది మీకు చెబుతున్నాను.

మా అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది పెద్దమ్మే. నేను ఏడో తరగతిలో బడి మానేస్తే ఊరంతా తిట్టింది. ఆవిడ మాత్రం “ముందు తిను, తర్వాత తిరుగుదువుగాని” అంది. ఆ తిండి మిరపకట్టె మీద ఉడికేది. అది కాలితే పొగకి కళ్లూ గొంతూ మండుతాయి. లోపల పెద్దమ్మ దగ్గు వినపడిందంటే అన్నం ఉడుకుతోందని మాకు గుర్తు.

గ్యాస్ వచ్చాక రెండేళ్లు పెద్దమ్మ దాని జోలికి పోలేదు. పొయ్యికి పసుపు రాసి, బొట్లు పెట్టి, పాత చీరముక్క కప్పింది. చుట్టాలొస్తే కాఫీకి మాత్రం తీసేది.

“ఎవరి కోసం దాస్తున్నావ్ పెద్దమ్మా?” అన్నాను ఒకసారి.

“గ్యాస్ బండ అయిపోతే జగ్గయ్యపేట నించి నువ్వు మోసుకొస్తావంట్రా?”

“మోసుకొస్తా.”

“ఆఁ, మోసావులే!”

ఒకరోజు అన్న కూతురు, అప్పటికింకా పాకే పిల్ల, ఆవిడ ఒళ్లో ఉండి అచ్చం ఆవిడలాగే దగ్గింది. ఆ పూటే చీరముక్క తీసేసింది. గ్యాస్ వెలిగించి, అలవాటు కొద్దీ ఊదుగొట్టం తీసుకుని మంట మీద ఒక్క ఊదు ఊదింది. ఆరిపోయింది. నేను పరిగెత్తి కట్టేస్తే, “మంట చిన్నగా ఉంటే ఊదొద్దా మరి!” అని నా మీదే ఎగిరింది.

తర్వాత కట్టె కోసం చేలకి పోయే వేళ ఆవిడకి మిగిలింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని నా చేత పేపరు చదివించుకునేది. తప్పు చదివితే తెలిసేది కాదు గానీ, ఆగితే ఊరుకునేది కాదు. దగ్గు తగ్గింది, పోలేదు. నందిగామ డాక్టరు “పొగ ఎన్నేళ్లు పీల్చావమ్మా?” అంటే, “కాపరానికొచ్చిన కాణ్ణించండి” అంది. చివరికి ఆ దగ్గుతోనే పోయింది.

కట్టెల కూడు ఇష్టం ఆవిడకి కాదు, అన్నా! మనకి.

ఇది రాస్తుంటే అన్న కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. “బాబాయ్, పెద్దకర్మ వంట గ్యాస్ మీదేనంట, రెండు బండలు కావాలంట. నాన్న నిన్ను తెమ్మన్నాడు.”

పిల్ల చేతిలో పెద్దమ్మ ఊదుగొట్టం. బుగ్గలు పూరించి పిల్లనగ్రోవిలా ఊదుతోంది. మోత రావడం లేదు, కాస్త బూడిద మాత్రం ఎగిరింది.

నేను జగ్గయ్యపేట వెళ్లాలి.