విప్పి చూడని ప్లగ్గు

నవంబరు మూడో వారం. ఉదయం ఐదున్నరకు వరద సాయానికి పంపిన మా ఆర్మీ దళం, మా మాటల్లో కాలమ్, నాయుడుపేటలో దిగింది. నాలుగు ట్రక్కులు, రెండు పడవలు, ఒక పాత జీపు. హైవే మీద లారీలు బారులు తీరి ఆగిపోయాయి. వాన సన్నగా పడుతోంది, గాలి మాత్రం ఆగడం లేదు.

ఇరవై ఏళ్ల సర్వీసులో మంచు కొండల్లో మూడు పోస్టింగులు చేశాను. చిత్తూరులో ఇప్పుడు ఎవరు కలిసినా వాటి గురించే అడుగుతారు. నాకు మాత్రం గుర్తుకొచ్చేది సొంత ప్రాంతంలో చేసిన తొమ్మిది రోజుల వరద డ్యూటీ. మాది కాణిపాకం పక్క పల్లె. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఇంటికి పోలేదు.

నేను బండ్ల మెకానిక్‌ని, హవల్దారుని. జీపు బాధ్యత నాది. పద్దెనిమిదేళ్ల బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి ట్రక్కులు పోలేని చోటికల్లా దాన్నే పంపారు. మూడు రోజులు వాగుల్లోనే తిరిగింది. నీళ్లు ఇరుసుల మీదుగా పోయేవి. అలా తిరిగిన బండికి రోజూ సాయంత్రం ఇరుసులకు బిగించిన ఇనుప బిరడాలు, అంటే ప్లగ్గులు, విప్పి ఆయిల్ చూడాలి. వేడి మీదున్న ఇరుసు చల్లటి నీళ్లలో మునిగితే నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఈ సంగతి కొత్తవాళ్లకు నేర్పినవాణ్ని నేను. అయినా మూడు సాయంత్రాలూ ప్లగ్గు విప్పకుండానే లాగ్‌బుక్కులో సంతకం పెట్టాను. మొదటి రోజు అలసట. మూడో రోజుకు అది అలవాటైపోయింది.

నాలుగో రోజు పొద్దున ఆరున్నరకు ఆర్డర్ వచ్చింది. అప్పటికి మేము నగరి వైపు కొండల దగ్గరున్నాం. కొండ అవతలి పల్లెలో మునెమ్మ అనే నేతపని చేసే ఆమె ఉంది. వారానికి మూడుసార్లు తిరుపతిలో డయాలసిస్. రోడ్డు తెగి రెండుసార్లు తప్పిపోయింది. ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడడం లేదు. మబ్బుల్లో హెలికాప్టర్ రాదు. కట్టెల బండ్లు తిరిగే కొండదారి ఒక్కటే మిగిలింది. మా పై అధికారి సుబేదార్ సాబ్, పంజాబీ డ్రైవర్, వైర్‌లెస్ ఆపరేటర్, నేను బయల్దేరాం.

ఎనిమిదీ పదికి కొండ దిగి మామిడితోపులోకి వచ్చాం. పల్లె ఇంకా రెండు కిలోమీటర్లు. వెనక నుంచి గరగరమని శబ్దం. ఆ వెంటనే రాయి పగిలినట్టు ఒక చప్పుడు. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి.

ఆపరేటర్ సెట్ అందుకున్నాడు. "బండి ఆగింది. వెనక ఇరుసు. ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఓవర్."

లారీల కింద వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత గుండు కనిపిస్తుంది కదా, దాన్నే డిఫరెన్షియల్ అంటారు. లోపలి పళ్లచక్రాలు ఇంజిన్ బలాన్ని రెండు వైపులా పంచుతాయి. నేను బురదలో వెల్లకిలా పడుకుని దాని కింది ప్లగ్గు విప్పాను. ముందు నీళ్లు కారాయి. తర్వాత పలచటి టీ రంగులో, నురగతో ఆయిల్.

సుబేదార్ సాబ్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయిల్ చివరిసారి ఎప్పుడు చూశావని అడిగాడు.

"చూడలేదు సాబ్. ఊరికే సంతకం పెట్టాను."

ఆయన జీపులోంచి జాకీ తీసి నా ముందు పెట్టాడు. "ఆ సంగతి తర్వాత. ఇప్పుడు బండి కదలాలి."

ఆయన ఆపరేటర్‌తో కలిసి పల్లెకు నడిచాడు. నేనూ డ్రైవరూ జాకీ కింద రాతిపలక వేసి బండి లేపాం. చక్రాలు, డ్రమ్ములు ఊడదీశాం. రెండు వైపులా చక్రాలను తిప్పే లోపలి కడ్డీలను జానెడు బయటికి లాగాం. ఇంజిన్ నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు విప్పేశాం. గుండు చుట్టూ పది నట్లు. తొమ్మిది వచ్చాయి. పదోది తుప్పు పట్టి మొరాయించింది. దానికే ఇరవై నిమిషాలు. చివరికి ఆ బరువంతా నా ఛాతీ మీదికి దిగింది.

టార్పాలిన్ మీద విప్పి చూస్తే లోపలి చిన్న పళ్లచక్రం ఒకటి రెండు ముక్కలైంది. ముక్క ఇరుక్కుని అంతా బిగుసుకుపోయింది. స్పేర్ లేదు.

పదీ నలభైకి పల్లెవాళ్లు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి మోసుకొచ్చారు. పైన ప్లాస్టిక్ పట్ట కప్పారు. నాకు ఆరడుగుల దూరంలో దించారు. ఆమె ఊపిరి తీస్తుంటే గురకలాగా వినిపిస్తోంది. ఆమె భర్త నా పక్కన కూలబడ్డాడు.

"ఇంకెంతసేపు పడతాదబ్బా? రాత్రి నుంచి పండుకోలేదు. కూసోనే ఉండాది."

"గంటలో కదిలిస్తానన్నా," అన్నాను. నమ్మకంతో అన్న మాట కాదది.

లోపలి చిన్న పళ్లచక్రాలన్నీ తీసేశాను. గుండును డీజిలుతో కడిగి, ఇనుప రజను లేకుండా తుడిచి, ఖాళీగానే మళ్లీ బిగించాను. ఇక వెనక చక్రాలు లాగవు, ఊరికే తిరుగుతాయి. ముందు చక్రాలే బండిని లాగాలి. అప్పుడు ముందు ఇరుసు ప్లగ్గు విప్పాను. అక్కడా అదే నురగ. అలాగే పోయి ఉంటే కొండ మధ్యలో అదీ విరిగేది. నా దగ్గరున్న రెండు లీటర్ల మంచి ఆయిల్ ముందు ఇరుసులో పోశాను. వెనకదాంట్లో ఇంజిన్ ఆయిల్.

పదకొండూ నలభైకి ఆమెను వెనక సీట్లో భర్తకు ఆనించి కూర్చోబెట్టాం. కొండ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలకు పట్టు దొరకదు. అందుకని రివర్సులో ఎక్కిద్దామన్నాను. డ్రైవర్ నడుము దాకా బయటికి వంగి వెనక్కి చూస్తూ, కొండ మొత్తం రివర్సులోనే ఎక్కించాడు. ఒక పక్క లోయ. నేను పల్లం వైపున చక్రం వెంటే నడిచాను, జారినప్పుడల్లా రాయి అడ్డం పెడుతూ. రెండుసార్లు జారింది. రెండోసారి చక్రం అంచు నుంచి మూరెడు దూరంలో ఆగింది. లోపలి నుంచి ఆమె ఊపిరి ఒక్కటే వినిపించింది.

ఒంటిగంటా పదికి తారురోడ్డు. ఆక్సిజన్‌తో అంబులెన్స్ సిద్ధంగా ఉంది. స్ట్రెచర్ ఎత్తబోతుంటే ఆమె చెయ్యి చాపి నన్ను పిలిచింది.

రెండు రోజుల తర్వాత ఆమె కోలుకుంటోందని సెట్‌లో కబురొచ్చింది. తొమ్మిదో రోజు కాలమ్ వెనుదిరిగింది. యూనిట్‌కు చేరాక నామీద విచారణ జరిగింది. అడిగినవన్నీ ఒప్పుకున్నాను. శిక్ష కింద సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక వరుస పడింది. దాన్ని ఎవరికి చూపడానికీ ఇప్పుడు సిగ్గుపడను.

కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ తారురోడ్డు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "నా కోసరం బురదలో పండుకోని బాగు జేసినావు నాయనా. ఈ చేతులు సల్లగుండాల," అంది. ఆ ప్లగ్గు నేను విప్పి చూడలేదని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆమె నా చేతులను కళ్లకు అద్దుకుంది. నల్లటి మడ్డి ఆ ఉబ్బిన రెప్పల మీద, చెంపల మీద అంటుకుంది. తుడుద్దామంటే నా దగ్గర శుభ్రమైన గుడ్డ లేదు. ఆ ముఖంతోనే నావైపు చూసి నవ్వింది. తలుపు మూశారు.