సంజీవమ్మ సెల్ఫీలో మామా

2015లో కువైట్‌లోని సల్వా ఇళ్ళలో పనిచేసే రాయచోటి వైపు ఆడవాళ్ళలో, సంజీవమ్మకు ఉన్నంత తన మొహం మీద మోజు మరొకరికి లేదు. నలభై మూడేళ్ళ మనిషి. రోజుకో సెల్ఫీ ఫేస్‌బుక్కులో పెట్టాల్సిందే, గిన్నెలు తోముతూ లైకులు చూసుకోవాల్సిందే. ఇంటికోసం కరిగిపోయే గల్ఫ్ తల్లి అని కన్నీళ్ళు పెట్టుకోవాలనుకునేవాళ్ళకు ఆమె ఏమాత్రం పనికిరాదు.

ఆమె పనిచేసే ఇంటి డ్రైవర్ సురేష్‌ది వాళ్ళ పక్క ఊరే.

"ఏందక్కా, పొద్దస్తమానం నీ మొగమేనా? పిల్లోళ్ళవి పెట్టరాదా?"

"పిల్లోళ్ళను తీసేదానికి ఊర్లో నూరుమంది ఉండారు. ఈడ నన్నెవురు తీస్తారబ్బీ? నువ్వు తీస్తావా?"

ఒక మధ్యాహ్నం సురేష్ కారులోంచి ఫోన్ చేశాడు. గొంతులో ఎగతాళి లేదు.

"అక్కా, పొద్దున పెట్టిన ఫోటోలో నీ యెనక అద్దం చూసినావా?"

చూసింది. హాలు అద్దంలో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, తలమీద గుడ్డ లేకుండా, జుట్టు నిండా గోరింటాకు ముద్దతో కూర్చుని ఉంది. పరాయి మగవాడికి ఒక్క వెంట్రుక కనబడనివ్వని మనిషి అయిదు గంటలుగా రాయచోటి జనం ఫోన్లలో ఉంది! ఇంతకంటే చిన్న తప్పుకే ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, రద్దయి విమానమెక్కినవాళ్ళు సంజీవమ్మకు తెలుసు.

"తీసేసి నోరు మూసుకో. ఖలాస్," అన్నాడు సురేష్.

"తీసేస్తాలే. ఆమె జుట్టురా అది. ఆమెకు చెప్పకుంటే ఎట్ట?"

ఫేస్‌బుక్కులోంచి తీసేసి, ఫోన్‌లో మిగిలిన ఫోటోతో నేరుగా మామా ముందుకు వెళ్ళి నిలబడింది. నీతులు చెప్పేవాళ్ళలో ఎంతమంది ఆ పని చేస్తారో అనుమానమే.

మామా అరుపులు గేటు దాకా వినబడ్డాయి. ఫోన్ లాక్కుని, ఇంట్లో ఇంకెవరి ఫోటోలు తీసిందోనని ఒక్కొక్కటే తిప్పింది. ఫ్రిజ్ పక్కన సంజీవమ్మ. మెట్లమీద సంజీవమ్మ. ఇస్త్రీ బట్టల మధ్య సంజీవమ్మ. మూడొందలు దాటాయి.

"అన్నీ నువ్వే! ఈ ఇంట్లో నీకు ఇంకెవరూ కనబడరా?"

"ఫోటో తీసుకునేటప్పుడు కనబడరు మామా," అంది సంజీవమ్మ తనకొచ్చిన అరబీలో, తల వంచకుండా. "మీరు కనబడి ఉంటే అది తీసేదాన్ని కాదు."

మామా ఫోటోలన్నీ మళ్ళీ మొదటినుంచి తిప్పింది. అబద్ధమనడానికి ఆ మూడొందల ఫోటోల్లో ఒక్క ఆధారం దొరకలేదు. నవ్వు రాబోతే బలవంతంగా ఆపుకుంది. గోరింటాకు ఫోటోను తన చేత్తోనే చెరిపేసి తీర్పు చెప్పింది: ఫోన్ నెల్లాళ్ళు తన దగ్గరే ఉంటుంది, ఇంట్లో ఇక ఫోటోల్లేవు, పని మాత్రం పోదు.

నెల తర్వాత శుక్రవారం ఫోన్ చేతికి రాగానే సంజీవమ్మ గేటు బయటికి వచ్చింది. కారు తుడుస్తున్న సురేష్ చూసి, "ఇంగనన్నా మానుకోక్కా," అన్నాడు.

ఆమె వీధిగోడకు ఆనుకుంది. వెనక్కి తిరిగి రెండుసార్లు చూసుకుంది. గోడ తప్ప ఏమీ లేదు. అయినా నమ్మకం చాలక, ఫోన్‌ను ఇంకా ఇంకా దగ్గరికి తెచ్చి నొక్కింది.

"ఎట్టుండాది?"

సురేష్ వంగి చూశాడు. "గోడకు గూడా చోటు లేదు గదక్కా. అంతా నువ్వే."

"అట్టయితే భయం లేదు," అంటూ పోస్ట్ చేసేసింది.